అడగనిదే అమ్మయినా పెట్టదు
(ఉద్యోగం పోయినప్పుడు మనకు రావలసినవి, వాటికి దరఖాస్తు చేసుకునే తీరు)



ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పే వ్యాసాలు వస్తుంటాయి. పోటీ పరీక్షలకు ఎలా చదవాలి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి అని పెద్దలు చెబుతూనే ఉన్నారు. అవన్నీ అవసరమే. కానీ వచ్చిన ఉద్యోగం పోతే ఏం చేయాలో మనకు ఎవరూ చెప్పలేదు. మన ఇళ్లలో చాలామందికి జీతం చీటీ అంటే ఏమిటో కూడా తెలియదు. అమ్మానాన్నలు కూలికి వెళితే డబ్బు, లేకపోతే లేదు. మా కుటుంబాల్లో డిగ్రీ దాటిన మొదటి తరం మేమే. అందువల్ల ఈ విషయం ఇంట్లో నేర్చుకునేది కాదు, ఒకరి నుంచి ఒకరం తెలుసుకోవలసిందే.

కీసర చుట్టూ ఒకసారి చూడండి. ఇటు చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామిక వాడలు. అటు శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ, ఇంకా పైకి వెళితే మేడ్చల్ కంపెనీలు. మన హాస్టల్ నుంచి వెళ్లిన అన్నల్లో సర్కారు కొలువు వచ్చినవారు కొందరే. మందుల కంపెనీలు, గోదాములు, సెక్యూరిటీ ఏజెన్సీలు, ల్యాబుల్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవారు ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో ఇలాంటి ఉద్యోగాలు ఎన్నో ఒక్క ఫోన్ కాల్‌తో పోయాయి. అప్పుడు తమకు ఒక భృతి రావలసి ఉందని తెలియని అన్నలు మాకు ఇప్పటికీ కనిపిస్తున్నారు. అందుకే ఈ వ్యాసం.

రెండు భృతులు, ఒకే పేరు

"నిరుద్యోగ భృతి" అనగానే మనకు ఎన్నికల హామీ గుర్తుకొస్తుంది. తెలంగాణలో 2018 ఎన్నికలప్పుడు నెలకు 3,016 రూపాయల భృతి మాట వినిపించింది. 2019 బడ్జెట్‌లో దానికి నిధులు చూపించారు కానీ అది అమలు కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న "ముఖ్యమంత్రి యువనేస్తం" పేరుతో నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు, 2019లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. ఇవి చదువుకుని ఉద్యోగం దొరకని యువతకు ప్రభుత్వాలు ఇస్తామన్న డబ్బు. ఇస్తే ఉంటుంది, ఆపితే పోతుంది.

మేము చెప్పబోయేది వేరు. ఇది ఉద్యోగం చేసి, నెల నెలా జీతంలోంచి చందా కట్టి, ఆ తర్వాత ఉద్యోగం పోయినవారికి వచ్చే బీమా సొమ్ము. దీనికి ఎవరి దయా అక్కర్లేదు. మనం ముందే డబ్బు కట్టి సంపాదించుకున్న హక్కు ఇది. కార్మిక రాజ్య బీమా సంస్థ, అంటే మనం ఈఎస్ఐ అని పిలిచే సంస్థ, దీన్ని ఇస్తుంది.

ఈ హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

మన హాస్టల్ గోడ మీద నిలువెత్తు పటంలో ఉన్న బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా మనందరం తలుచుకుంటాం. ఆయన 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన సభ్యుడని చాలామందికి గుర్తుండదు. ఆ కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక ఇచ్చే పనిని ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌కు అప్పగించారు. 1944లో ఆయన ఇచ్చిన నివేదికే 1948 నాటి ఈఎస్ఐ చట్టానికి పునాది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో, ఢిల్లీలో పథకం మొదలైంది. రాజ్యాంగంలోని 41వ అధికరణం కూడా నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం వచ్చినప్పుడు ప్రజలకు ప్రభుత్వ సహాయం అందేలా చూడాలని రాజ్యానికి చెప్పింది.

అయితే 1948 చట్టంలో జబ్బు, కాన్పు, పనిలో గాయం ఉన్నాయి కానీ ఉద్యోగం పోవడం లేదు. బ్రిటన్‌లో 1911లోనే కొన్ని పరిశ్రమల కార్మికులకు నిరుద్యోగ బీమా వచ్చింది. అమెరికాలో 1935 చట్టంతో వచ్చింది. మన దేశంలో ఈఎస్ఐ కింద నిరుద్యోగ భృతి మొదలైంది 2005 ఏప్రిల్ 1న. చట్టం వచ్చిన 57 ఏళ్లకు! ఇంత ఆలస్యంగా వచ్చింది కాబట్టే మన పెద్దవాళ్లకు దీని గురించి తెలియదు.

2025 నవంబరు 21 నుంచి పాత ఈఎస్ఐ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారినా ఈఎస్ఐ సంస్థ అలాగే ఉంది.

ఎవరికి వర్తిస్తుంది?

పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారు ఈఎస్ఐ కిందికి వస్తారు. 2019 జూలై నుంచి మన జీతంలోంచి 0.75 శాతం కోస్తున్నారు. యజమాని తన వైపు నుంచి 3.25 శాతం కట్టాలి. కాంట్రాక్టరు కింద పనిచేసినా ఈఎస్ఐ ఉంటుంది. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు కంపెనీదే బాధ్యత.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈఎస్ఐ బీమా నంబరు పది అంకెలు ఉంటుంది, అది జీవితాంతం ఒకటే. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు ఇస్తుంటే, పాత చందా ఒకచోట, కొత్తది మరోచోట పడిపోతుంది. రెండేళ్ల సర్వీసు ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. కొత్త పనిలో చేరిన రోజే పాత నంబరు చెప్పి, అదే కొనసాగించమని అడగండి.

మొదటి పథకం: అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన

ఇది 2018 జూలై 1న మొదలైంది. అప్పుడు సగటు వేతనంలో పావు వంతు ఇచ్చేవారు. కరోనా కాలంలో, 2020 ఆగస్టులో, దాన్ని సగానికి పెంచారు. అంతకుముందు ఉద్యోగం పోయిన 90 రోజుల తర్వాత అడగాలి, దాన్ని 30 రోజులకు తగ్గించారు. యజమాని ద్వారా వెళ్లవలసిన పని లేకుండా కార్మికుడే నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. ఇది కాలపరిమితి పెట్టి పొడిగిస్తూ వస్తున్న పథకం. కాబట్టి దరఖాస్తుకు ముందు ఎప్పటి వరకు అమల్లో ఉందో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగడం మంచిది.

అర్హతలు ఇవి. ఉద్యోగం పోవడానికి ముందు కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కింద ఉండాలి. ఈఎస్ఐ వారు ఏడాదిని రెండు చందా కాలాలుగా విభజిస్తారు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి రెండోది. ఉద్యోగం పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులు చందా పడి ఉండాలి. ఆ రెండేళ్లలో మిగిలిన మూడు కాలాల్లో కనీసం ఒకదానిలోనూ 78 రోజులు ఉండాలి. దుష్ప్రవర్తన కారణంగా తీసేసినవారికి, రిటైరైనవారికి, స్వచ్ఛంద పదవీ విరమణ చేసినవారికి ఇది రాదు. గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు, అదీ జీవితంలో ఒకే ఒక్కసారి.

లెక్క ఎలా వేస్తారో చూద్దాం. గడచిన నాలుగు చందా కాలాల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. నెలకు 14,600 రూపాయల జీతం అనుకుందాం. 24 నెలలకు 3,50,400. దాన్ని 730తో భాగిస్తే రోజుకు 480. అందులో సగం 240. 90 రోజులకు 21,600 రూపాయలు.

ఇదే మనిషి ఆ రెండేళ్లలో 18 నెలలే పనిచేశాడనుకోండి. మొత్తం 2,62,800 అవుతుంది. భాగించేది మాత్రం 730తోనే. రోజుకు 360, అందులో సగం 180, 90 రోజులకు 16,200. పని లేని నెలలు సగటును అలా కిందికి లాగుతాయి.

14,600 జీతంలో మన చందా నెలకు దాదాపు 110 రూపాయలు. "ఈ నూటపది ఎందుకు కోస్తున్నారు, చేతికిస్తే బాగుండేది" అని మన అన్నలే చాలాసార్లు అన్నారు. దాని జవాబు పై లెక్కలో ఉంది.

రెండో పథకం: రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన

2005లో మొదలైనది ఇదే. దీని సొమ్ము ఎక్కువ, షరతు గట్టిది. ఫ్యాక్టరీ మూతపడినా, పని తగ్గిందని కార్మికుణ్ని తొలగించినా, లేదా ఉద్యోగంతో సంబంధం లేని ప్రమాదంలో 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం కలిగి ఉద్యోగం పోయినా ఇది వర్తిస్తుంది. పని తగ్గిందని తీసేయడాన్నే చట్టం "రిట్రెంచ్‌మెంట్" అంటుంది. కనీసం రెండేళ్ల చందా ఉండాలి. మొదటి 12 నెలలు సగటు దినసరి వేతనంలో సగం, తర్వాతి 12 నెలలు పావు వంతు ఇస్తారు. ఆ కాలంలో కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కూడా కొనసాగుతుంది. ఒకే కాలానికి రెండు పథకాల సొమ్ము రాదు. రెండింటికీ అర్హత ఉంటే ఏది ఎక్కువ మేలో చూసుకుని అడగాలి.

ఆఖరి రోజు సంతకం

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు. మా సీనియర్ అన్న ఒకరు ఒక మందుల కంపెనీలో నాలుగేళ్లు ప్యాకింగ్ విభాగంలో పనిచేశారు. ఆర్డర్లు తగ్గాయని ముప్పై మందిని ఒకేరోజు పిలిచారు. "రాజీనామా రాసివ్వండి, ఈ నెల జీతం రేపే వేస్తాం, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ కూడా ఇస్తాం" అన్నారు. అందరూ ఒకే నమూనా కాగితం మీద సంతకాలు పెట్టారు. "వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నాను" అని ఆ కాగితంలో ఉంది.

ఆ ఒక్క వాక్యం ఖరీదు ఎంత? ఏడాది నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ని కంపెనీ తొలగిస్తే, ఒక నెల ముందు నోటీసు లేదా దాని బదులు జీతం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారం ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఇదే ఉంది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. అంటే నాలుగేళ్లకు 60 రోజుల వేతనం, పైన నెల నోటీసు జీతం. కొత్త కోడ్ ప్రకారం తొలగించిన కార్మికుడి పేరున మరో 15 రోజుల వేతనాన్ని నైపుణ్య శిక్షణ నిధికి యజమాని కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. తనంతట తాను రాజీనామా చేసినవాడికి ఇవేవీ రావు. రాజీవ్ గాంధీ పథకం తలుపు కూడా మూసుకుపోతుంది.

కాబట్టి తమ్ముళ్లూ, తీసేస్తున్నది వాళ్లయితే రాజీనామా రాసివ్వకండి. "మీరే తొలగిస్తున్నట్టు ఉత్తరం ఇవ్వండి సార్" అని మర్యాదగా అడగండి. ఒక్కరు అడిగితే కసురుతారు, ముప్పై మంది కలిసి అడిగితే వింటారు. ఉత్తరం ఇవ్వకపోతే, ఫలానా తేదీ నుంచి పనికి రావద్దని చెప్పారని అదే రోజు మీరే కంపెనీకి ఈ-మెయిలు గానీ, రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపండి. ఆ రసీదు దాచుకోండి. ఆఖరి జీతం కోసం సంతకం పెట్టాల్సిన పని లేదు. కొత్త వేతన కోడ్ ప్రకారం తొలగించినా, మానేసినా రెండు పనిదినాల్లో బకాయి జీతం చెల్లించాలి.

దరఖాస్తు ఎలా చేయాలి?

మనకు స్కాలర్‌షిప్ దరఖాస్తు చేసిన అనుభవం ఉంది. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉంటే స్కాలర్‌షిప్ ఎన్ని నెలలు ఆగుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఇదీ అంతే.

1. ఉద్యోగంలో ఉండగానే ఈఎస్ఐ పోర్టల్‌లో బీమా నంబరుతో లాగిన్ చేసుకోండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా ఆధార్‌తో సరిపోతున్నాయో చూడండి. తప్పుంటే ఉద్యోగంలో ఉండగానే యజమాని ద్వారా సరిచేయించుకోవడం తేలిక.

2. అదే పోర్టల్‌లో నెల నెలా చందా పడుతున్నదో లేదో చూడండి. జీతంలోంచి కోసి జమ చేయకపోవడం నేరం. ఈఎస్ఐ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2526కు ఫిర్యాదు చేయవచ్చు.

3. ఉద్యోగం పోయాక 30 రోజులు గడవనివ్వండి. రాబోయే కాలానికి ముందుగా అడగడం కుదరదు. గడచిన కాలానికే అడగాలి.

4. పోర్టల్‌లో అటల్ పథకం దరఖాస్తు నింపి, ఆధార్, బ్యాంకు వివరాల కాపీలు జతచేయండి. మొదట్లో స్టాంపు కాగితం మీద అఫిడవిట్ అడిగేవారు, 2020 నవంబరులో దాన్ని తీసేశారు. కాపీలు అప్‌లోడ్ చేయడం కుదరకపోతే దరఖాస్తు ప్రింటు తీసి, సంతకం పెట్టి, కాపీలతో బ్రాంచి ఆఫీసులో ఇవ్వవచ్చు.

5. మీ బ్రాంచి ఆఫీసు, డిస్పెన్సరీ ఏవో మీ ఈ-పహచాన్ కార్డు మీద ఉంటాయి. ప్రింటు ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

6. రాజీవ్ గాంధీ పథకానికైతే తొలగింపు లేదా మూసివేత రుజువు కావాలి. పైన చెప్పిన ఉత్తరం పనికొచ్చేది ఇక్కడే.

డబ్బు నేరుగా మన ఖాతాలోనే పడుతుంది. మధ్యవర్తికి కమీషన్ ఇవ్వవలసిన అవసరం లేదు. నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేయిస్తే ఓటీపీ చెప్పేముందు తెర మీద ఏ ఖాతా నంబరు ఉందో ఒకసారి కళ్లారా చూసుకోండి.

దవాఖాన, పీఎఫ్

ఉద్యోగం పోయిన మర్నాడే ఈఎస్ఐ వైద్యం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపల 78 రోజుల చందా ఉంటే తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు వైద్యం ఉంటుంది. అక్టోబరు నుంచి మార్చి చందాకు జూలై నుంచి డిసెంబరు వరకు ఉంటుంది. ఇంట్లో అమ్మకు షుగరు మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీలో తీసుకుంటుంటే, అడగకుండా మానేయకండి. నాచారం, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రులు మనకు అందుబాటులో ఉన్నవే.

పీఎఫ్ భృతి కాదు, మన సొంత పొదుపు. 2018 డిసెంబరు నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, ఉద్యోగం పోయిన నెలకు 75 శాతం, రెండు నెలలకు మిగతాది తీసుకోవచ్చు. 2025 అక్టోబరు 13న పీఎఫ్ కేంద్ర ధర్మకర్తల మండలి దీన్ని మార్చాలని నిర్ణయించింది: 75 శాతం వెంటనే, మొత్తం కావాలంటే 12 నెలల నిరుద్యోగం తర్వాత. మీరు దరఖాస్తు చేసే రోజున ఏది అమల్లో ఉందో 14470 నంబరుకు ఫోన్ చేసి తెలుసుకోండి. కంపెనీ మీ ఆఖరి తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు. మా సలహా ఒక్కటే: ముందు భృతికి దరఖాస్తు చేయండి, పీఎఫ్‌ను చివరి దిక్కుగా ఉంచుకోండి. పదేళ్లు నిండితే వచ్చే పింఛను ఆ సర్వీసు లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంకా బయట ఉన్నవారు

ఇంత చెప్పాక ఒక మాట దాచకూడదు. ఈ పథకాలు అందరికీ లేవు. డిగ్రీ చేతపట్టుకుని ఇంకా మొదటి ఉద్యోగం కోసం తిరుగుతున్నవారికి లేవు. అడ్డా మీద నిలబడే మన నాన్నలకు, ఇళ్లలో పనిచేసే అమ్మలకు, బండి మీద పార్సిళ్లు మోసే మిత్రులకు ఈఎస్ఐ చందా లేదు, కాబట్టి భృతీ లేదు. బాబాసాహెబ్ కార్మిక శాఖ చూసినప్పుడు మొదలైన పని ఇంకా సగంలోనే ఉంది. దాన్ని పూర్తి చేయమని అడగడం కూడా చదువుకున్న మన పనే. కానీ ఉన్న సగాన్ని కూడా వదులుకుంటే, మిగతా సగం అడిగే నోరు మనకు ఉండదు.

హాస్టల్లో మనందరి ట్రంకు పెట్టెల్లో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, మెమోలు, టీసీ అందులో భద్రంగా పెట్టుకుంటాం. రేపు ఉద్యోగంలో చేరాక ఆ కవరులో ఇంకో నాలుగు కాగితాలు చేర్చండి: నియామక ఉత్తరం, జీతం చీటీలు, ఈ-పహచాన్ కార్డు, పీఎఫ్ నంబరు. ఉద్యోగం పోయిన రోజున మనిషికి గాభరా పుడుతుంది, ఏమీ తోచదు. ఆ రోజున మన తరఫున మాట్లాడేవి ఈ కాగితాలే.

ఇది చదివిన అన్నలెవరికైనా ఈమధ్య ఉద్యోగం పోయి ఉంటే సిగ్గుపడకుండా హాస్టల్‌కు రండి. ఆదివారాలు మేము ఇక్కడే ఉంటాం. దరఖాస్తు కలిసి నింపుదాం.